ఒక మాట, పెక్కు అర్థములు: ఆర్మూరు పసుపు స్పానిషునకు పోవు దారి



బాల్కొండ మొదలుకొని ఆర్మూరు వరకు రహదారికి ఇరువైపుల పసుపు చేలు పండి, ఆకు ఎండి నేల వాలిన పుష్యమాఘ మాసములలో ఏ గ్రామమునకు పోయినను వినవచ్చు మాటలు కొన్ని కలవు. కొమ్ము, మండ, కాడి, గోళ, ఉడకబెట్టుట, ఆరబెట్టుట, పాలిష్ పట్టుట. ఈ మాటలను పలుకు రైతునకు వాని అర్థమును గూర్చి సందేహ మెన్నడును కలుగదు. ఏలయన ఆ వస్తువు అతని కన్నుల యెదుటనే యున్నది. ఆ మాటలే ఇంగ్లీషులోనికి మారి, అచ్చటినుండి మరియొక దూరదేశపు భాషలోనికి పోవలసి వచ్చినప్పుడు మాత్రము వస్తువు వెనుక నిలిచిపోయి మాట యొక్కటే ముందునకు సాగును. అట్లు ఒంటరిగా సాగిన మాటకు నాలుగైదు అర్థములున్నచో, అందులో దేనిని గ్రహింపవలెను, దానికి సరియైన పరభాషాపదమును ఎట్లు ఎన్నుకొనవలెను అనునది నేటి నా ప్రసంగ విషయము. పరభాషగా నేను స్పానిషును గ్రహించుచున్నాను.

ఇంతదూరపు భాషతో మనకేమి పని యని మీలో కొందరికి తోచవచ్చును. జాతీయ పసుపు బోర్డును కేంద్రప్రభుత్వము 2023 అక్టోబరులో ప్రకటించి, 2025 జనవరి 14వ తేదీన, సంక్రాంతినాడు, నిజామాబాదు కేంద్రముగా ప్రారంభించినది. ఈ నేల పండించిన సరుకు సముద్రములు దాటి పోవుచుండగా దాని వెంట లేఖలు, చీటీలు, ఒడంబడికలు కూడ పోవలసియున్నవి. స్పెయిను మొదలుకొని మెక్సికో, పెరూ, అర్జెంటీనాల వరకు 20 దేశములలో స్పానిషు అధికారభాష. హైదరాబాదులోని ఇంగ్లీషు మరియు విదేశీభాషల విశ్వవిద్యాలయమున ఆ భాషను మన పిల్లలు నేర్చుకొనుచున్నారు. టెక్సాసులోను కాలిఫోర్నియాలోను స్థిరపడిన మన తెలుగువారు ఇరుగుపొరుగున ఆ భాషను నిత్యము వినుచున్నారు. అయితే వీరందరును ఆ భాషను చేరుట ఇంగ్లీషు ద్వారముననే; తెలుగునుండి నేరుగా స్పానిషునకు పోవు నిఘంటువు మన విద్యార్థుల చేతిలో సామాన్యముగా ఉండదు. కావున మన చిక్కంతయు ఆ ద్వారము కడనే పుట్టుచున్నది.

ఒక ఉదాహరణమును గ్రహింతము. పసుపు దుంపలో నడుమ గుండ్రముగా నుండు తల్లిభాగమును మనవారు మండ యని, గోళ యని అందురు. దానినుండి ప్రక్కలకు చీలి పెరిగిన నిడుపాటి భాగము కొమ్ము, లేక కాడి. నిజామాబాదు శ్రద్ధానంద్ గంజులో ఈ రెంటికిని వేరువేరు రాశులు, వేరువేరు ధరలు. ఇంగ్లీషు వర్తకులు మండను బల్బు అందురు. ఇంగ్లీషు తెలిసి వ్యాపారము తెలియని యువకుడొకడు ఈ బల్బు అను మాటను ఇంగ్లీషు-స్పానిషు నిఘంటువులో చూచినచో అతనికి మొదట కనబడునది బొంబీయా కావచ్చును. అది విద్యుద్దీపము. ఆ మాటను సరుకు చీటీపై వ్రాసినచో అవతలివాడు పసుపు బస్తాలో గాజుదీపములున్నవని చదువుకొనును. మరి కొంచెము జాగ్రత్త గలవాడు ఇంకొక పంక్తి దిగి చూచి బుల్బో అను మాటను గ్రహించును. అది వృక్షశాస్త్రమునకు చెందినదే. కాని అది ఉల్లిగడ్డవంటి పొరపొరలైన దుంపకు చెల్లును గాని పసుపునకు చెల్లదు. పసుపు దుంప నిజమునకు భూమిలో అడ్డముగా పెరుగు కాండము. దానికి శాస్త్రమున రైజోమ్ అని పేరు, స్పానిషున రిసోమా. మన మండకు తగినది రిసోమా మాద్రే, అనగా తల్లి దుంప. ఇచ్చట గమనింపదగిన విశేష మేమనగా, ఆ సరియైన మాట బల్బు అను ఇంగ్లీషు పదము క్రింద వ్రాసిన అర్థములలో ఎచ్చటను దొరకకపోవచ్చును. ఇంగ్లీషు వర్తకుడు పోలికను బట్టి వాడిన మాటను మనము శాస్త్రపదముగా భ్రమించి వెదకితిమేని నిఘంటువు మనల నెంత దూరమైనను త్రిప్పును గాని గమ్యమును చేర్పదు. వస్తువు యొక్క నిజస్వరూప మెరిగి, ఆ స్వరూపమునకు ఆ దేశమువా రేమి పేరు పెట్టిరని అడిగినవానికే మార్గము దొరకును.

ఇంతకంటె విలువైన మాట క్యూర్ అనునది. ఇంగ్లీషులో దీనికి మనవారికి తెలిసిన మొదటి అర్థము రోగమును నయము చేయుట. కాని పసుపును గూర్చి వ్రాసిన ఏ వ్యవసాయగ్రంథమును తెరచినను ఈ మాటయే కనబడును. తవ్వి తెచ్చిన పచ్చి దుంపలను కడిగి, నీటిలో మెత్తబడువరకు ఉడికించి, పది పదునైదు దినములు ఎండలో ఆరబెట్టి, తేమను నూటికి పదిపాళ్లకు దించు సమస్తక్రియకును ఇంగ్లీషున అదే పేరు. ఉడికించుటచేత దుంపలోని పిండిపదార్థము ముద్దకట్టును, పచ్చివాసన పోవును, లోనిరంగు అంతట సమముగా వ్యాపించును, మొలకెత్తు శక్తి నశించును, ఎండుటకు పట్టు కాలమును తగ్గును. మన భాషలో దీనికి ఒక్క మాట లేదు. ఉడకబెట్టుట యని, ఆరబెట్టుట యని వేరువేరుగానే చెప్పుచున్నాము. ఇక స్పానిషున కురార్ అను క్రియ కలదు. అదియు లాటిను భాషలో సంరక్షణమను అర్థముగల కూరా అను మాటనుండియే పుట్టినది గనుక రోగమును నయము చేయుటకును, పందిమాంసమును ఉప్పుపట్టి ఆరబెట్టుటకును, జున్నును నెలల తరబడి మాగబెట్టుటకును సమానముగా చెల్లును. కావున ఇచ్చట ఇంగ్లీషు స్పానిషు మాటలు రెండును ఒక్క తల్లి బిడ్డలై ఒక్క దారినే నడచినవి. అయినను తోలును పదును చేయుటకు మాత్రము స్పానిషువారు సామాన్యముగా కుర్తీర్ అందురు.  ఒక్క కురార్ ఇన్ని పనులకు చెల్లును గనుక, పసుపును గూర్చి ఆ మాట వ్రాసినప్పటికిని, ఉడికించి ఎండబెట్టినది అని ఒక్క విశేషణము చేర్చుట మేలని నా అభిప్రాయము. కొనువానికి కావలసినది మాట కాదు, ఆ దుంప పొయ్యిమీదికి ఎక్కినదా లేదా యను సమాచారము.

మాటల లింగభేదము సైతము అర్థమును మార్చివేయును. ఎల్ కాపితాల్ అన్నచో పెట్టుబడి. లా కాపితాల్ అన్నచో రాజధాని. ఎల్ కూరా యన్నచో చర్చిలోని పురోహితుడు. లా కూరా యన్నచో చికిత్స. ఇంగ్లీషున క్యాపిటల్ అని ఒక్కటే వ్రాసియుండగా, మన తెలుగువాడు మూలధన మని, రాజధాని యని మనస్సులో ముందుగానే విడదీసికొనియుండునేని ఆ చిన్న పూర్వపదమును ఎన్నుకొనుటలో అతడు తడబడడు.

ఇదియే నేను ముఖ్యముగా చెప్పదలచిన విషయము. ఇంగ్లీషు మనకును స్పానిషునకును నడుమ నిలిచిన మధ్యవర్తి. మధ్యవర్తి తన భాషలో కలిపివేసిన అర్థములను మన భాష అనేక స్థలములందు విడిగానే ఉంచుకొనియున్నది, స్పానిషును అట్లే విడిగా నుంచుకొనియున్నది. అట్టి చోట్ల మనము ఇంగ్లీషు మాట యొద్ద ఆగక తల్లిభాషకు తిరిగివచ్చి, ఈ సందర్భమున మన మే మందుము అని తలంచినచో సగము చిక్కు విడిపోవును.

టైమ్ అను మాటను చూడుడు. ఇంగ్లీషువానికి అన్నియు టైమే. మనకు కాలము వేరు, వేళ వేరు, సారి వేరు. స్పానిషువానికిని కాలము తియెంపో, గడియారపు వేళ ఓరా, ఒకసారి రెండుసార్లు అనునప్పుడు వేస్. మూడును మూడింటికి కుదిరినవి. మరియు మనము వానకాలము, ఎండకాలము అనుచు వాతావరణమును బట్టి ఏర్పడిన ఋతువులకు సైతము కాలమును వాడుచుండుటయు, తియెంపో యను మాట స్పానిషున కాలమునకును వాతావరణమునకును చెల్లుచుండుటయు నాకు ఎంతో ఆనందము కలిగించిన సామ్యములు. ప్లే అన్నచో బంతి ఆడుటయు వీణ వాయించుటయు ఇంగ్లీషున ఒక్కటే. మనము ఆడుట వేరు, వాయించుట వేరు అందుము. స్పానిషున హుగార్ వేరు, తొకార్ వేరు. వాల్ అనునది ఇంగ్లీషున ఇంటిగోడకును కోటగోడకును సమానము. బాల్కొండ కోటను చూచినవా డెవ్వడును దాని ప్రాకారమును ఇంటిగోడ యనడు. స్పానిషుభాషయు గదిగోడకు పరేద్ అని, కోటచుట్టు ప్రాకారమునకు మురాయా అని వేరు పేర్లు పెట్టుకొన్నది.

పదములయందే గాక వాక్యనిర్మాణమందు సైతము ఈ బంధుత్వము కనబడుచున్నది. ఇంగ్లీషువాడు తాను కర్తయై వస్తువును ఇష్టపడును. మనమట్లు గాక, నాకు పసుపు వాసన ఇష్టము, నాకు తల నొచ్చుచున్నది అని, అనుభవించువానికి కు ప్రత్యయము చేర్చి మాటాడుదుము. స్పానిషున మే గుస్తా అన్నచో నాకు ఇష్టము. మే దుఎలే లా కబేసా అన్నచో నాకు తల నొచ్చుచున్నది. ఇంగ్లీషుద్వారా నేర్చుకొను విద్యార్థి దీనిని ఒక విచిత్రమైన అపవాదముగా కంఠస్థము చేయుచుండగా, ఆర్మూరు పిల్లవానికి ఇది తల్లి యొడిలో నేర్చిన వాక్యమే. అట్లే అతడు రైతు అనునప్పుడు మనము క్రియనే వాడము. అతడు పొలములో ఉన్నాడు అనునప్పుడు ఉండు ధాతువును వాడుదుము. ఇంగ్లీషున రెండింటికి ఒక్క క్రియయే. స్పానిషున మొదటిదానికి సేర్, రెండవదానికి ఎస్తార్. ఈ కొలబద్ద అన్ని చోట్ల నిలువదని మాత్రము నేను హెచ్చరింపవలసియున్నది. అతడు పొడుగుగా ఉన్నాడు అని మనము ఉండు ధాతువుతో చెప్పుచోట స్పానిషువారు, పొడవు మనిషి స్వభావమునకు చేరినదని, సేర్ వాడుదురు.

తల్లిభాషను గూర్చిన అభిమానముతో దాని లోటును మరచుట తగదు. మన మాట సైతము కొన్నిచోట్ల రెండు వస్తువులను ఒక్క ముడిగా కట్టియున్నది. దారి అడుగుట, అప్పు అడుగుట అని మనము ఒక్క క్రియతోనే చెప్పుదుము, ఇంగ్లీషునను అంతే. స్పానిషున ప్రశ్నించి తెలిసికొనుట ప్రెగుంతార్, ఇమ్మని కోరుట పెదీర్. ధర అడిగితిమని వ్రాయుటకును బయానా అడిగితిమని వ్రాయుటకును వర్తకుని లేఖలో ఎంత భేదమున్నదో వేరుగా చెప్పనక్కరలేదు. చేప అను మాటయు నిట్టిదే. శ్రీరాంసాగరు జలాశయములో ఈదుచున్న చేప స్పానిషున పేస్. దానిని వలవేసి పట్టి అంగడికి తెచ్చిన పిమ్మట పెస్కాదో. ఇక పచ్చ యను మాట మనకు ఎంత ప్రియమైనదో అంత ప్రమాదకరమైనది. పచ్చని చేను అన్నప్పుడు అది ఆకుపచ్చ, స్పానిషున వేర్దే. పచ్చని మేనిచాయ అన్నప్పుడు అది పసుపువన్నె, అమరీయో. పచ్చి పసుపు అన్నప్పుడు అది రంగే కాదు, ఉడకనిది అని అర్థము. ఈ మూడవ అర్థమును వ్రాయవలసినచోట రంగును వ్రాసినవాడు కొనువానికి వేరొక సరుకును అమ్మినవా డగును. ఇట్టిచోట్ల తల్లిభాష యొద్దను ఆగరాదు. వస్తువు దగ్గరకే పోవలెను.

ఈ శ్రమను మన పూర్వులు ఎరుగక పోలేదు. బ్రౌను దొర తన ఇంగ్లీషు-తెలుగు నిఘంటువునందు ఒక్కొక్క ఇంగ్లీషు మాటకు ఒక్క తెలుగుమాట నిచ్చి తృప్తిపడక, ప్రయోగములను వాక్యములలో చూపి, ఏ సందర్భమున ఏ మాట చెల్లునో విశదము చేసినాడు. స్పానిషువారి రాయల్ అకాడమీ, అనగా రాజు పోషణలో 1713లో వెలసిన భాషాపరిషత్తు, 1726 మొదలు 1739 వరకు ఆరు సంపుటములలో వెలువరించిన తొలి నిఘంటువును ప్రమాణనిఘంటువని పిలుచుటకు కారణ మేమనగా, అర్థములకు ప్రసిద్ధ రచయితల ప్రయోగములను సాక్ష్యముగా నిలుపుటయే. కావున ఇంగ్లీషు-స్పానిషు నిఘంటువులో మాట దొరకినంతనే పని ముగిసిన దనుకొనక, ఆ దొరకిన మాటను స్పానిషువారు తమకొరకు వ్రాసికొనిన నిఘంటువులో మరల వెదకి, అది ఏ మాటల సాంగత్యమున మెలగుచున్నదో చూచి, అప్పుడు గ్రహింపవలెను. ఈ వెనుదిరిగి చూచుట కొంచెము కాలము తీసికొనును గాని, బొంబీయావంటి పొరపాటును మొదటి పంక్తిలోనే పట్టియిచ్చును.

బాల్కొండ నిజాము రాజ్యమునకు చేరియున్న దినములలో, హైదరాబాదున 1917లో ఉస్మానియా విశ్వవిద్యాలయము కొరకు దారుల్ తర్జుమా అను అనువాదసంస్థ ఏర్పడి, మౌల్వీ అబ్దుల్ హక్ నాయకత్వమున పాశ్చాత్యశాస్త్రగ్రంథములను ఉర్దూలోనికి దింపు మహాప్రయత్నమును ఆరంభించినది. అచ్చట పరిభాషను నిర్ణయించునప్పుడు భాషాపండితులను, ఆయా శాస్త్రములు తెలిసినవారిని ఒక్కచోట కూర్చుండబెట్టుచుండిరి. భాషాపండితుడు ఒక్కడే కూర్చున్నచో మాట సొగసుగా కుదిరి వస్తువు తప్పిపోవును. శాస్త్రజ్ఞు డొక్కడే కూర్చున్నచో వస్తువు నిలిచి మాట ఎవరి నోటను పలుకదు. ఆ పద్ధతి నేడును అనుసరింపదగినది. పసుపు లేఖను స్పానిషున వ్రాయువాడు ఒక ప్రక్కన స్పానిషు చదివినవానిని, మరియొక ప్రక్కన గంజులో ముప్పదియేండ్లు రాశులు చూచిన అడ్తిదారుని కూర్చుండబెట్టుకొనినచో ఆ లేఖకు తిరుగుండదు. ఇట్టి భాషాశ్రమకు మనలోనే ఆదర్శము కలదు. తెలుగు అకాడమీ తొలి అధ్యక్షులైన పాములపర్తి వెంకటనరసింహారావుగారు వేయిపడగలు నవలను హిందీలోనికి సహస్రఫణ్ అను పేర అనువదించినవారు. అనేకభాషలతోపాటు స్పానిషును అభ్యసించినవారు. రాజ్యభారము నడుమను అట్టి భాషాభ్యాసమును విడువని పురుషుడు ఈ తెలంగాణమున పుట్టినాడని తలచుకొన్నప్పుడు నాకు హృదయము ఉప్పొంగును.

ఇంకొక విషయమును త్వరగా చెప్పి ముందుకు పోయెదను. స్పానిషు ఒక్కటే యైనను దేశదేశమునకు మాట మారుచుండును. స్పెయినులో విద్యుద్దీపము బొంబీయా. మెక్సికోలో అదే ఫోకో. కోస్తాజిల్లాలవారి బంగాళదుంప మనకు ఆలుగడ్డ యైనట్లే, స్పెయినులోని పతాతా అమెరికాఖండమున పాపా యగుచున్నది. మన పసుపు స్పానిషున సామాన్యముగా కుర్కుమ. అది అరబ్బీవారు కుంకుమపువ్వునకు పెట్టిన కుర్కుం అను పేరునుండి వచ్చినది. కాని పెరూదేశమున వంటయింటి పసుపుపొడిని పలీయో అందురు. ఆ మాటకే ఇతరత్ర పండ్లపుల్ల యని యర్థము. కావున సరుకు ఏ రేవునకు పోవుచున్నదో తెలియక మాటను నిర్ణయించుట సాధ్యము కాదు. కొనువానిని సంబోధించుటయందును ఇట్లే. ఇంగ్లీషున అందరికి ఒక్క సర్వనామమే. మనము కొత్తవారిని మీరు అన్నట్లు, లేఖలో ఉస్తేద్ అని వ్రాయవలెను. ఆ గౌరవము మన రైతునకు ఒకరు నేర్పవలసినది కాదు.

అన్నిటికంటె కఠినమైన మాటను చివరకు నిలిపియుంచితిని. మన తెలుగుదేశపు దస్తావేజులలో, తండ్రి కుమార్తెకు వివాహసమయమున పసుపు కుంకుమ క్రింద ఇచ్చిన భూమి యను మాట తరచుగా కనబడును. న్యాయస్థానములు సైతము ఆ ఆచారమును గుర్తించి తీర్పులలో ఆ పేరుతోనే ప్రస్తావించినవి. ఇట్టి పత్రము విదేశములలో స్థిరపడిన ఒక కుటుంబము కొరకు స్పానిషునకు మారవలసివచ్చినదనుకొందము. ఇంగ్లీషు అనువాదకుడు దానిని పసుపుపొడి, ఎర్రపొడి అను రెండు వస్తువులుగా వ్రాసియున్నచో, స్పానిషు అనువాదకుడు దానిని వంటదినుసుగా చదివి, కుమార్తెకు తండ్రి మసాలా ఇచ్చినాడని వ్రాయును. నిఘంటువు తెలిసినవాడు దోతే అను మాటను గ్రహించును. అది వధువుతో వరుని ఇంటికి పోవు ధనము, మన కట్నమునకు దగ్గర. పసుపు కుంకుమ అట్టిది కాదు. అది ఆ ఆడుబిడ్డకే, ఆమె సౌభాగ్యమును కోరి, పుట్టినిల్లు పెట్టిన సొత్తు. దానిని కట్నముగా వ్రాయుటవలన అర్థము మాత్రమే గాక ఆమె హక్కు సైతము మసకబారును. ఆడుబిడ్డ హక్కు ఒక అనువాదకుని తొందరపాటుచేత చెడుటకంటె నాకు బాధాకరమైన విషయము మరియొకటి లేదు.

అట్టిచోట మాటకు మాట వెదకుటయే మానవలెను. పసుపు కుంకుమ అను మన పదమును స్పానిషు అక్షరములలో అట్లే నిలిపి, మొదటిసారి వచ్చినప్పుడు, తండ్రి కుమార్తెకు ఆమె వివాహమున ఆమె సొంతముగా నిచ్చిన భూమి యని ఒక్క వాక్యమున వివరించి, తరువాత మరల మరల వచ్చిన చోట్ల ఆ పదమునే వాడుచు పోవలెను. ఆ దస్తావేజునందే, హద్దులు చెప్పుచు, తూర్పున ఫలానావారి పసుపు చేను అని వ్రాసియున్నచో, అచ్చట మాత్రము సంకోచము లేకుండ కుర్కుమ అని వ్రాయవచ్చును.